విషయం: హచికో సినిమాకి మీరు పెట్టిన తెలుగు సబ్‌టైటిల్స్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

పోయిన ఆదివారం రాత్రి మీ యాప్‌లో 119 రూపాయలు కట్టి ‘హచికో మొనోగతారి’ అద్దెకు తీసుకున్నాను. హచికో అనే కుక్క మీద (ఇంట్లో హచి అని పిలుస్తారు) 1987లో సెయిజిరో కొయామా తీసిన జపాన్ సినిమా అది. ఇదే కథని రిచర్డ్ గేర్‌తో 2009లో అమెరికా వాళ్లు తీసింది మా ఇంట్లో అందరం చూసేశాం, కానీ 14 ఏళ్లు మాతో ఉన్న మా కుక్క రాజుగాడు పోయినప్పటి నుంచి నాన్న ఆ జపాన్ సినిమానే చూపించమని అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేరు. మీ పేజీలో తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయని కనిపించగానే ఇంకేం ఆలోచించకుండా డబ్బు కట్టేశాను.

కుక్కని పిలిచిన ప్రతిసారీ కింద ఒకచోట ‘ఎనిమిది’ అనీ, ఇంకోచోట ‘తేనెటీగ’ అనీ పడింది. జపాన్ భాషలో హచి అంటే ఎనిమిది, తేనెటీగని కూడా అలాగే పలుకుతారని తర్వాత వెతికితే తెలిసింది. అంటే మెషీన్ చేసిన అనువాదాన్ని ఒక్క మనిషి కూడా చూడకుండా పెట్టేశారు. దాన్ని పెంచిన ప్రొఫెసర్ అంత ప్రేమగా పిలుస్తుంటే “తేనెటీగా, ఇలా రా” అని ఉంటే, నాన్న నావైపు తిరిగి “తేనెటీగ ఎక్కడుందిరా?” అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఇది నిజంగా బతికిన కుక్క కథండీ. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో వ్యవసాయ విభాగం ప్రొఫెసర్ హిదెసబురో ఉఎనో 1925 మే 21న మెదడులో రక్తస్రావంతో పోయారు, హచి మాత్రం 1935 మార్చి 8న తను పోయేదాకా టోక్యోలోని షిబుయా రైల్వే స్టేషన్ దగ్గర ఆయన కోసం చూస్తూనే ఉంది. 1934లో అది బతికుండగానే, దాని ముందే, అక్కడ విగ్రహం పెట్టారు. యుద్ధంలో లోహం కోసం దాన్ని కరిగించేస్తే, 1948లో ఆ శిల్పి కొడుకే మళ్లీ చేశాడు. ఇప్పటికీ షిబుయాలో కలుసుకోవాలంటే జనం ‘హచికో దగ్గర’ అనుకుంటారు. అలాంటి పేరుని మీరు సినిమా అంతా ఒక్కసారి కూడా సరిగ్గా రాయలేదు.

ప్రొఫెసర్ పోయాక కుక్క ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే భాగంలో సబ్‌టైటిల్స్ మాటల కంటే బాగా వెనకబడ్డాయి, ఎవరు ఏమంటున్నారో అర్థం కాలేదు. ఇక చివర్లో, మంచు కురుస్తుండగా హచి పడుకుని ఉంటే, ఇంకా పేర్లు కూడా పడకముందే బొమ్మ చిన్నదైపోయి మూలకి వెళ్లి, ‘తర్వాత ఇది చూడండి’ అంటూ ఏదో కామెడీ సినిమా ట్రైలర్ గట్టిగా మొదలైంది. నాన్న కళ్లు తుడుచుకుంటున్నారు అప్పుడు. నేను రిమోట్ వెతికి ఆపేలోపే అయిపోయింది. నాకు అన్నిటికంటే కోపం వచ్చింది దీనికే.

రెండుసార్లు చాట్‌లో చెప్పాను, రెండుసార్లూ ఇంటర్నెట్ స్పీడ్ చూసుకోమన్నారు. స్పీడ్‌కీ, పేరు తప్పు పడటానికీ సంబంధం ఏముంది?

నా 119 రూపాయలు తిరిగి ఇవ్వండి. తెలుగూ జపనీసూ తెలిసిన మనిషి చేత సరిచేయించేదాకా పేజీలో ‘తెలుగు’ అన్న మాట తీసేయండి. సినిమా పూర్తయ్యేదాకా ట్రైలర్లు రానివ్వకండి. వారంలో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. సబ్‌టైటిల్స్ బాగుచేస్తే మాత్రం నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, మళ్లీ డబ్బు కట్టి అయినా నాన్నకి మొదటి నుంచి చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్