కృతజ్ఞతార్పణగా మందిరానికి కొత్త పైకప్పు

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, ఒకప్పుడు ఈ సంఘంలో ఉండి ఇప్పుడు దూరాన ఉంటున్న సహోదరీ సహోదరులకు, మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున సంఘ కమిటీ వందనాలు.

అడగవలసింది ముందే అడిగేస్తాం. మన మందిరం పైకప్పు మార్చాలి. వాన పడితే వేదికకు ఎడమవైపు బెంచీల మీద నీళ్లు కారుతున్నాయి. ఆరాధన మధ్యలో లేచి బకెట్టు జరపడం, పాటల పుస్తకాలను తడవని వరుసలోకి మార్చడం అందరికీ అలవాటైపోయింది. ఇంతకాలం అతుకులతో నెట్టుకొచ్చాం. ఇంజనీరు పైకెక్కి చూసి, దూలాలు కూడా పాడవుతున్నాయని, ఇక అతుకులకు పెట్టే డబ్బు దండగేనని తేల్చారు. ఆయన రాసిచ్చిన అంచనా నోటీసు బోర్డు మీద ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ పనికి మీరిచ్చే కానుకను కృతజ్ఞతార్పణగా తీసుకురమ్మని మా మనవి. పేరు మార్చినంత మాత్రాన ఏమి ఒరుగుతుందని కమిటీలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జాలిపడి ఇచ్చిన డబ్బుతో కొన్న దూలమైనా బరువు అంతే మోస్తుంది. అయినా మేము ఈ మాట పట్టుకోవడానికి కారణం ద్వారం దగ్గర బల్ల మీద ఉండే పుస్తకం.

ప్రార్థన విన్నపాల పుస్తకం మీరందరూ చూసే ఉంటారు. ఎడమ పేజీలో విన్నపాలు, కుడి పేజీలో స్తుతి అంశాలు రాయాలని పైన రాసిపెట్టి ఉంది. ఎడమ పేజీలు నిండిపోయి అంచుల్లో కూడా సన్నగా రాశారు. ఆపరేషను, పరీక్ష, ఉద్యోగం, కోర్టు వాయిదా, ఇంటికి రాని కొడుకు. కుడి పేజీలు దాదాపు తెల్లగానే ఉన్నాయి. జవాబులు రాలేదని అనుకోవడానికి వీల్లేదు. ఆపరేషను కోసం ప్రార్థించమన్నవారు బాగుపడి ఇప్పుడు మన మధ్యే కూర్చుంటున్నారు. ఆ మాట పుస్తకంలోకి ఎక్కలేదు, అంతే.

లూకా సువార్త 17వ అధ్యాయంలో బాగుపడిన పదిమంది కుష్ఠరోగుల సంగతి మనకు కంఠతా వచ్చు. “పదిమంది శుద్ధులైరి కారా, ఆ తొమ్మండుగురు ఎక్కడ?” అని, ఒక్కడే తిరిగి వచ్చినప్పుడు యేసు అడిగిన మాట మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఒక్క సంగతి మాత్రం మనం త్వరగా దాటేస్తాం. యాజకులకు కనబరచుకోండని వారిని పంపింది ఆయనే. ఆ తొమ్మండుగురు అవిధేయులు కారు, చెప్పిన చోటికే వెళ్తున్నారు. ధర్మశాస్త్రం కోరిన పని పూర్తి చేస్తున్నారు. వెనక్కి తిరిగి గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరచినవాడు, యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ఆదివారం తప్పకుండా వచ్చి, వాక్యం విని, కానుక సంచిలో వేసి, వేళకు ఇల్లు చేరుకునే మనం ఈ తొమ్మండుగురికి ఎంత దగ్గరవాళ్లమో ఆలోచిస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

మరచిపోయేది కష్టకాలంలో అనుకుంటాం గానీ, ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం హెచ్చరిక వేరుగా ఉంది. అరణ్యంలో 40 ఏళ్లు దేవుడిచ్చిన ఆహారమైన మన్నా తిన్నవారికి మోషే చెప్పిన జాగ్రత్త, కడుపు నిండి, మంచి ఇళ్లు కట్టుకుని, వెండి బంగారాలు పెరిగిన తరువాతి రోజుల గురించి. ఇదంతా నా సామర్థ్యం, నా బాహుబలం అనే మాట అప్పుడే నోట వస్తుందట.

ఇది చదువుతున్నవారిలో ఈ ఏడాది ఆప్తులను పోగొట్టుకున్నవారు ఉన్నారు. “ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అన్న పౌలు వచనాన్ని వారి మీదికి విసరవద్దని తక్కినవారిని బతిమాలుకుంటున్నాం. చావును మంచిదని పిలవమని పౌలు అడగలేదు. 13వ కీర్తన ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణి నిలదీస్తూ మొదలవుతుంది. 6 వచనాల ఆ చిన్న కీర్తన చివరికి పాటలోకి వస్తుంది, కానీ ఏడుపును దాచిపెట్టి రాదు. దుఃఖంలో ఉన్నవారికి ఎవరూ తొందర పెట్టనక్కరలేదు.

తక్కిన మనకు మాత్రం సాకు లేదు. “అన్నిటికీ వందనాలు ప్రభువా” అని ఒక్క మాటతో ముగించే ప్రార్థనలో ఏ ఉపకారం జ్ఞాపకం వచ్చినట్టు? “ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము” అన్న 103వ కీర్తన ఆ వెంటనే వాటిని ఒక్కొక్కటిగా చెబుతుంది: క్షమించాడు, కుదిర్చాడు, విమోచించాడు. మనుషుల విషయంలోనూ అంతే. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబే చేసిన సహాయాన్ని పేరు పెట్టి చెప్పాడు, తన ప్రాణం కోసం మెడలొగ్గిన ప్రిస్క, అకులలకు కృతజ్ఞత తెలిపాడు. వాన రాత్రి తరువాత ఆదివారం మనం వచ్చేసరికి బెంచీలు పొడిగా ఉంటున్నాయి. ఎవరో అందరికన్నా ముందు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, బెంచీల కింద దాకా గుడ్డతో తుడుస్తున్నారు కాబట్టి. ఆ తుడిచే చేతులవారికి ఎదురుపడి ఒక మాట చెప్పండి. దేవునికి స్తోత్రం చెప్పాం కదా అని మనిషికి ఎగ్గొట్టడం మనలో చాలామందికి ఉన్న అలవాటు.

ఇక ఎలా ఇవ్వాలో చెబుతాం. వచ్చే ఆదివారం ద్వారం దగ్గర కవర్లు ఉంటాయి, ప్రతి కవరులో ఒక చీటీ ఉంటుంది. మీరు దేనికి కృతజ్ఞులో ఆ చీటీ మీద ఒక వాక్యంలో రాయండి. మీ పేరు రాయనవసరం లేదు. ఎవరు ఎంత ఇచ్చారో వేదిక మీద చదవం, గోడ మీద చెక్కించం. చీటీల్లోని మాటలు మాత్రం కృతజ్ఞతా కూడికలో చదివి ప్రార్థిస్తాం. అలా వద్దనుకుంటే చీటీ మూలన చిన్న గీత గీయండి.

అప్పు చేసి ఎవరూ ఇవ్వవద్దు. తల్లిదండ్రుల పోషణకు ఉంచిన డబ్బును కానుక పేరుతో తెస్తే దాన్ని యేసు ఎలా తప్పుపట్టాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది. ఇంట్లో వైద్యం ఖర్చులు నడుస్తున్నవారు చీటీ ఒక్కటే వేయండి. అది తక్కువ కానుక అని మేము అనుకోము. “సణుగుకొనకయు బలవంతముగా కాకయు” అన్న పౌలు మాటకు కమిటీ కూడా కట్టుబడి ఉంటుంది. కాబట్టి ఇంటింటికీ వచ్చి అడగం.

లెక్కల మాట. యూదా రాజైన యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా యాజకులు మందిరంలో శిథిలమైన చోట్లు బాగుచేయించలేదని రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. కమిటీలకు ఈ జబ్బు పాతదే! అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం చేయించి బలిపీఠం పక్కన పెట్టాడు. రాజుగారి మంత్రి, ప్రధాన యాజకుడు కలిసి అందులోని ద్రవ్యం లెక్కపెట్టారు. మేమూ అలాగే చేస్తాం. పెట్టెకు రెండు తాళాలు, వాటి తాళంచెవులు వేరువేరు కుటుంబాలవారి దగ్గర. ప్రతి ఆదివారం ఆరాధన తరువాత అందరి ఎదుటే లెక్క జరుగుతుంది, మొత్తం నోటీసు బోర్డు మీదికి వస్తుంది. బ్యాంకు ద్వారా పంపేవారికి కోశాధికారి రసీదు ఇస్తారు.

అరణ్యంలో ఆరాధన కోసం చేసిన ప్రత్యక్ష గుడారం పనికి ప్రజలు అవసరానికి మించి తెచ్చినప్పుడు ఇక చాలని మోషే పాళెమంతా చాటించాడు. అంచనా మేరకు డబ్బు సమకూరిన రోజున మేమూ పెట్టె మూసేస్తాం. ఆ తరువాత ఇవ్వాలనుకునేవారు సంఘ వైద్య సహాయ నిధికి ఇవ్వవచ్చు. పని చేయగలవారు, ముఖ్యంగా వడ్రంగం తెలిసినవారు, కార్యదర్శిని కలవండి. పాత కప్పు దించే రోజుల్లో ఆరాధన పక్క హాలులో జరుగుతుంది. కుర్చీలు తక్కువ పడతాయి కాబట్టి యువకులు నిలబడడానికి సిద్ధపడి రండి.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ