పది గుంటల లెక్క

చిన్నోడికి,

మీ నాయన ఆశీస్సులు. కోడలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

మన దగ్గర జీతం చేసిన మామ కుటుంబానికి పది గుంటలు, అంటే పావెకరం, రాసిస్తానంటే మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు కాస్త గట్టిగానే మాట్లాడావు. నాకు కోపం రాలేదు. కానీ నువ్వన్న రెండు మాటలు మనసులో ఉండిపోయాయి. "మనం ఎవరి నోరూ కొట్టలేదు కదా నాయనా, మన అదృష్టం బాగుంది, అంతే" అన్నావు. "పది గుంటలంటే ఇవాళ ఎంతో తెలుసా?" అని కూడా అడిగావు. తెలుసు బిడ్డా. ఫోన్‌లో అయితే మధ్యలో తడబడతాను, అందుకే రాస్తున్నాను.

మీ తాత పంపకాల్లో నా వాటాకు నాలుగెకరాలు వచ్చింది. అంతా మెట్ట. జొన్న, కంది, వాన పడితే పెసర. అక్క పెళ్లికి ఒక ఎకరం అమ్ముదామని ఊరంతా తిరిగాను. కొనేవాళ్లు దొరకలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పెళ్లి చేశాను. అప్పటి మన భూమి విలువ అది.

2006లో ఔటర్ రింగ్ రోడ్డుకు శంకుస్థాపన జరిగింది. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా మొదటి ముక్క తెరిచారు. ఆ ఏడే శంషాబాద్‌లో విమానాశ్రయం కూడా మొదలైంది. రోడ్డు మన చేనుకు రెండు పొలాల అవతల నుంచి పోయింది. ఆ రెండు పొలాల వాళ్ల చేతిలో పరిహారం పెట్టి భూమి తీసుకున్నారు. ఆ డబ్బుతో వాళ్లు మళ్లీ ఆ చుట్టుపక్కల అరెకరం కూడా కొనలేకపోయారు. అందులో ఒకాయన ఇప్పుడు మన ఊరి స్టేజీ దగ్గర టీ బండి నడుపుతున్నాడు. సర్వే వాళ్ల గీత కాస్త ఇటు జరిగి ఉంటే ఆ బండి నాది అయ్యేది. ఇందులో నా తెలివి ఎంత? నా కష్టం ఎంత?

ఆ 158 కిలోమీటర్ల రోడ్డు జనం సొమ్ముతో, కొంత జపాన్ దగ్గర తెచ్చిన అప్పుతో వేసింది. ఎక్కడో ఉన్న కృష్ణ నీళ్లు, గోదావరి నీళ్లు పైపుల్లో ఇక్కడిదాకా వచ్చాయి. గచ్చిబౌలి ఆఫీసుల్లో రాత్రింబవళ్లు పనిచేసిన నీలాంటి పిల్లలు ఇళ్లు వెతుక్కుంటూ వచ్చారు. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఉంటూ ఆ ఇళ్లు కట్టారు. మన మట్టికి ధర తెచ్చింది వీళ్లంతా కలిసి. నేను చేసిందల్లా అమ్మకుండా కూర్చోవడం. అదీ కొనేవాడు లేక.

2023 ఆగస్టులో కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేలం పెడితే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ తర్వాత అంతకు మించిన ధరలూ చూశాం. అదే ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 272 రూపాయలు. కాగితం తీసుకుని భాగారం వేసి చూశాను. ఆ ఒక్క ఎకరం ధర 37 లక్షల రోజుల కూలి. ఏడాదికి వంద రోజుల పని లెక్కన 37 వేల ఏళ్లు. తప్పు వేశానేమో అని రెండుసార్లు సరిచూసుకున్నాను. మన చేను ధర అందులో ఎన్నో వంతో. అయినా అది కూడా ఒక మనిషి జన్మలో సంపాదించగలిగే డబ్బు కాదు. 2022-23 నాటికి మన దేశ సంపదలో 40 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉందని పరిశోధకులు లెక్క తేల్చారు. ఎక్కడి వాళ్లో అనుకుంటాం. మన చేనులో రెండెకరాలు బిల్డర్‌కు అమ్మిన రోజున మనమూ ఆ వరసలోకి వెళ్లిపోయాం.

మామ సంగతికి వస్తాను. మన దగ్గర ఇరవై రెండేళ్లు జీతం ఉన్నాడు. ఏడాదికి ఆరు బస్తాల జొన్నలు, ఒక జత బట్టలు, చెప్పులు, కొంచెం రొక్కం. చేనులో బావి తవ్వింది ఆయన, ఆయన తమ్ముడు. నిన్ను భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లింది ఆయనే. భూసంస్కరణల చట్టాలు కౌలుదారుకు ఎంతో కొంత హక్కు ఇచ్చాయి కానీ జీతగాడి పేరు ఏ పహాణీలోనూ, అంటే భూమి రికార్డులోనూ, ఉండదు.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. 2018లో రైతుబంధు వచ్చింది, పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చే డబ్బు. ఎకరానికి పంటకు నాలుగు వేలు, పాస్‌బుక్కు ఉన్నవాళ్లకే. ఆ ఏడు మన చేను కౌలుకు చేసింది మామ కొడుకు. డబ్బు నా ఖాతాలో పడింది. నేను తీసుకున్నాను. విత్తనాలకు అప్పు చేశానని వాడు అరుగు మీద కూర్చుని చెబుతుంటే విని ఊరుకున్నాను. అడిగితే ఇచ్చేవాణ్ని అని అప్పుడు అనుకున్నాను. అడగకుండానే ఇవ్వాల్సింది. ఇప్పుడు వాడు అపార్ట్‌మెంట్లకు నీళ్ల ట్యాంకర్ తోలుతున్నాడు. వాడి భార్య విల్లాల్లో ఇంటిపనికి పోతోంది.

పన్నుల మాట కూడా ఎత్తావు. చట్టప్రకారం అన్నీ కట్టాం, ఇంకేం బాకీ ఉంటుందని. కట్టాం, నిజమే. బిల్డర్ సగం బ్లాక్‌లో తీసుకోమన్నాడు, నేను ఒప్పుకోలేదు. దానివల్ల ధర తగ్గింది. నీకు అప్పుడు చెప్పలేదు. కానీ ఆ చట్టం ఎలా ఉందో చూడు. నువ్వు ఇక్కడ ఉద్యోగం చేసినప్పుడు పై జీతం మీద 30 శాతం కోసుకున్నారు. భూమి అమ్మిన లాభం మీద నేను కట్టింది పన్నెండున్నర. నేను పోయాక నీకు వచ్చేదాని మీద సున్నా. చనిపోయినవాళ్ల ఆస్తి మీద 1953లో తెచ్చిన పన్నును, ఎస్టేట్ డ్యూటీని, 1985లో తీసేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. అదే మామ కుటుంబానికి పది గుంటలు ఊరికే రాసిస్తే, చుట్టాలు కారు కాబట్టి, స్టాంపు విలువ మీద వాళ్లే ఇన్‌కమ్‌ట్యాక్స్ కట్టాలట. వకీలు చెబితే చాలాసేపు నాకు మాట రాలేదు. కొడుకుగా పుట్టినందుకు నీకు పన్ను లేదు. బావి తవ్వినవాడికి ఉంది. అందుకే ఆ పన్ను డబ్బు కూడా విడిగా తీసి బ్యాంకులో వేశాను.

ట్రస్టుకు ఇద్దాం అన్నావు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూమి లేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. మీ తాత ఆ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. భూదానంలో వచ్చిన భూములు మన రంగారెడ్డి జిల్లాలోనే ఎన్ని కబ్జాల పాలయ్యాయో, ఎన్ని కోర్టుల్లో ఉన్నాయో నువ్వూ పేపర్లో చదివే ఉంటావు. అందుకే మధ్యలో ఎవరూ వద్దనుకున్నాను. నేరుగా మామ భార్య, అదే అత్త, పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తాను. రోడ్డు వైపు బిట్టే ఇస్తాను, లోపలిది కాదు.

దీన్ని దానం అనకు. ఇరవై రెండేళ్ల జీతం, ఒక పంట రైతుబంధు, నేను పడని కష్టానికి వచ్చిన ధర, ఇవన్నీ కలిపితే పది గుంటలు తక్కువే అవుతుంది. నీకూ అక్కకూ ఇంకా ఎకరం ముప్పై గుంటలు ఉంటుంది. దాన్ని ఏం చేయాలో మీ ఇష్టం.

అక్క సంతకం పెట్టింది. తాతల ఆస్తి కాబట్టి నీదీ కావాలి. నీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే జీపీఏ కాగితం వకీలు మెయిల్ చేస్తాడు, అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి. నీకు ఇష్టం లేకపోతే ఆ మాట కూడా నాతో నేరుగా చెప్పు.

మామకు ఇంకా ఏమీ చెప్పలేదు. నిన్న పొద్దున కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చిన్నోడు ఎప్పుడొస్తాడు పటేలా అని అడిగాడు. దసరాకు అన్నాను. రాత్రి తొమ్మిది తర్వాత నేను మేలుకునే ఉంటాను, ఫోన్ చెయ్యి.

మీ నాయన