ఉగాది నుంచి ఉగాది దాకా: రాజమండ్రి సైకిల్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. లెక్కల కాగితం ఆడిటర్ గారి సంతకంతో విడిగా పంపుతున్నాం కాబట్టి ఇక్కడ డబ్బుల జోలికి పోను. ఈ ఏడాది ఎటు తిరిగాం, ఏ దారి బాగుంది, ఏ దారి చెడింది, వచ్చే ఏడాదికి ఏం అనుకుంటున్నాం, అంతవరకే.

హైవే ఎక్కకుండా పల్లెల్లోంచి, అడవుల్లోంచి పోయే దారులు వెతకాలని కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం కదా. వెతికాం. మాకు తేలిందేమిటంటే, ప్రశాంతమైన దారి కావాలంటే మ్యాపు కన్నా ముందు క్యాలెండర్ చూసుకోవాలి. మంగళవారం పొద్దున్న పిట్టల అరుపు తప్ప ఏమీ వినపడని రోడ్డే ఆదివారం పదింటికల్లా హారన్లతో హోరెత్తిపోతుంది.

కాలువ గట్టు దారే చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వెళ్తే ఎక్కడా ఎత్తు ఎక్కే పని లేదు. పడవలు నడిచే రోజుల్లో మనుషులు ఈ గట్ల మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. కాలువకి వాలు చాలా తక్కువ పెట్టి, నీళ్లు దిగాల్సిన ఎత్తంతా లాకుల దగ్గర ఒక్కసారి దించారు, అందుకే పక్కనున్న గట్టు కూడా బల్లపరుపుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, కొత్తగా నేర్చుకున్న పిల్లలు కూడా హాయిగా తొక్కారు. కానీ శనివారం మాత్రం అటు వెళ్లొద్దు. వాడపల్లి వెంకన్న ఏడు శనివారాల మొక్కు జనం ముందు మన సైకిలెంత, మన బెల్లెంత! ఏప్రిల్, మే నెలల్లో కాలువలకి నీళ్లు ఆపేశాక అడుగున ఉన్న ప్లాస్టిక్ అంతా బయటపడుతుంది, చూడబుద్ధి కాదు. జూన్‌లో నీళ్లు వదిలి, నాట్లు మొదలయ్యాక వెళ్లండి.

ఇదే దారిలో సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు వచ్చే తగాదా ఒకటుంది. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లూ కొబ్బరి మట్టలూ అడ్డం పెడతారు. ఆడవాళ్లు పాదాలు ఈడుస్తూ ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తుంటే వెనకాల చాళ్లు పడి అడుగున ఉన్న పచ్చి గింజ పైకొస్తుంది. రోడ్డు ఉన్నది బళ్లకా, ధాన్యానికా అని మన గ్రూపులో రెండు రోజులు కొట్టుకున్నారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ పెడతారు, కళ్లాలు చూస్తే ఇళ్ల స్థలాలైపోయాయి, మరి రైతు ఎక్కడ ఆరబోసుకోవాలి? నా ఓటు ధాన్యానికే. ధాన్యం కనపడితే దిగి సైకిల్ నడిపించుకుంటూ పోవాలని కమిటీ తీర్మానం కూడా చేసింది. సగటు స్పీడు పడిపోతుందని స్ట్రావా యాప్‌లో లెక్కలు చూసుకునేవాళ్లు గొణిగారు. గొణగనివ్వండి.

ఇక ఏజెన్సీ, అంటే మన్యం అడవులు. కోరుకొండ మీదుగా గోకవరం వరకు లారీల గొడవ ఎక్కువ కాబట్టి అక్కడిదాకా సైకిళ్లు టాటా ఏస్‌లో వేసుకుని, తెల్లారేసరికి గోకవరంలో దిగి తొక్కడం మొదలుపెట్టాం. ఖర్చు కాస్త పెరిగినా ఈ ఏడాది చేసిన మంచి పని ఇదేనని నా నమ్మకం. అక్కడి నుంచి జీడితోటలు, తర్వాత అడవి, ఆపైన రంపచోడవరం. చాలామంది మారేడుమిల్లి తొందరలో పక్కనే ఉన్న రంప ఊరికి వెళ్లరు. 1879లోనూ, మళ్లీ 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలోనూ జరిగిన పితూరీలకు (తిరుగుబాట్లకు) పేరిచ్చిన ఊరు అది, పాత శివాలయం ఉంది, రోడ్డు మీద మేకలు తప్ప ట్రాఫిక్ లేదు. ఒక ఇంటి అరుగు మీద అడ్డాకులతో విస్తళ్లు కుడుతున్న పెద్దాయన మా హెల్మెట్లు ఎగాదిగా చూసి, "బస్సుంది కదా బాబూ, ఎందుకీ కష్టం?" అన్నాడు. మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

516ఈ జాతీయ రహదారి పనులు నడుస్తున్న చోట్ల దుమ్ము, టిప్పర్లు, వాన పడితే ఎర్రబురద. ఆ ముక్కలు వదిలేసి పక్క ఊళ్ల తారురోడ్లు పట్టుకున్నాం. వాటి మీద చప్టాలు ఎక్కువ. నీళ్లు చప్టా మీద నుంచి పారుతుంటే చీలమండ లోతే కదా అని దిగొద్దు, కొండవాగు లాగేస్తుంది. చాలాసార్లు గంటా రెండు గంటల్లో తీస్తుంది, పక్క ఊళ్లో టీ తాగుతూ ఆగండి.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ అనుభవం ఉన్నవాళ్లకే. మధ్యలో సిగ్నల్ ఉండదు, ఇంట్లోవాళ్లకి టెన్షన్ లేకుండా ముందే చెప్పి వెళ్లండి. వెదురు పొదల మలుపుల్లో తడి ఆకుల మీద చక్రం జారుతుంది. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుంది, పట్టి వదులుతూ దిగాలి. చీకటి పడ్డాక ఎవరూ ఘాట్‌లో ఉండకూడదు, ఇందులో మినహాయింపుల్లేవు. ఆదివారం మారేడుమిల్లి గురించి చెప్పేదేముంది, బొంగు చికెన్ పొగ, కార్లలో డీజేలు, వాగు ఒడ్డున సీసాలు. వారం మధ్యలో సెలవు దొరికినవాళ్లకి అదే ఊరు వేరేలా కనపడుతుంది. ఒక లాడ్జివాళ్లు మన అడ్వాన్సు పుచ్చుకుని గదులు కార్లలో వచ్చినవాళ్లకి ఇచ్చేశారు, ఇకపై అక్కడికి వెళ్లం. దారిలో పల్లెల్లో ముందురోజు కబురు పెడితే వండి పెడతారు, అడిగినంతా ఇవ్వండి, బేరాలొద్దు. జీలుగు కల్లు తాగాలనిపిస్తే ఆ రోజుకి సైకిల్ ఎక్కొద్దు.

దోమతెర తప్పనిసరి. తిరిగొచ్చిన నెల లోపు జ్వరం వస్తే డోలో వేసుకుని కూర్చోకుండా, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.

పంక్చర్ల సంగతి. పల్లేరు కాయలకి ఖరీదైన టైరని గౌరవమేమీ లేదు. గోకవరం దాటాక సన్నటి వాల్వుకి పట్టే పంపు దొరకడం కష్టం, అడాప్టరూ ప్యాచీలూ సొల్యూషనూ మీ సంచిలోనే ఉండాలి. మన మాస్టారి 22 ఇంచుల పాత సైకిల్‌కి మాత్రం ఏ ఊళ్లోనైనా సామాను దొరికింది.

జూన్ 3న ర్యాలీ ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. ఆ రోజుని ప్రపంచ సైకిల్ దినంగా 2018లో ఐక్యరాజ్య సమితి ఎంచింది గానీ రాజమండ్రి ఎండని అడిగి ఎంచలేదు. మన ర్యాలీ డిసెంబరులోనే.

వచ్చే ఏడాదికి రెండే పనులు. ఒకటి, చప్టాలు, మంచినీళ్లు, పంక్చర్ షాపులు గుర్తుపెట్టిన దారి పటం తెలుగులో అచ్చువేయడం. రెండోది, 1900 నుంచి దాదాపు వందేళ్లు రైళ్లు నడిచిన పాత హావ్‌లాక్ వంతెనని తీర్చిదిద్దేటప్పుడు సైకిళ్లకీ చోటివ్వమని అర్జీ పెట్టడం, ఎందుకంటే రోడ్డు కం రైలు వంతెన మీద బస్సుల పక్కన తొక్కి కొవ్వూరు చేరడం ప్రాణాల మీదకొస్తోంది.

కోశాధికారి పదవికి ఇప్పటిదాకా ఒక్క పేరూ రాలేదు. ఉన్నాయన మానేస్తానని ఖరాఖండిగా చెప్పేశారు. లెక్కలొచ్చిన వాళ్లెవరో అందరికీ తెలుసు కాబట్టి, సమావేశంలో మేమే పేరు చదవకముందే మీరే ఇచ్చేయండి.

ఇట్లు,
కార్యదర్శి