మూడో స్టేజీ దాకా వచ్చింది, నువ్వు ఫోన్ చెయ్యి

అమ్మణ్ణీ,

ఎట్టుండావు? ఇక్కడ మేం బానే ఉండాం, మీ అమ్మ మోకాలు నొప్పి మామూలే, నాకు బీపీ మాత్ర ఒకటి తగ్గించారు. నేను పంపే గుడ్ మార్నింగులకి బ్లూ టిక్కులు పడతా ఉండాయి కాబట్టి ఫోన్ అయితే చూస్తా ఉండావని తెలుస్తానే ఉంది. ఏదో అడగాలని కాదు ఈ ఉత్తరం, నువ్వు పంపిన రాకెట్ బొమ్మ కిట్ ఎంతదాకా వచ్చిందో చెబుదామని, అంతే.

రేటు స్టిక్కర్ గీకేసి పంపావు, నాకు తెలీదనుకున్నావేమో. బొమ్మ కిట్లు చేసే రెవెల్ వాళ్ళ శాటర్న్ 5, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన రాకెట్, 1/96 స్కేలు, ఊరికే రాదు. 1969లో వేసిన కిట్‌నే 2019లో చంద్రుడి మీద దిగి 50 ఏళ్ళయిందని మళ్ళీ వేశారు, అచ్చులు పాతవే. తెరవంగానే గుర్తుపట్టా. రాకెట్‌లో ఒకదాని మీద ఒకటి ఉండే ముక్కలే స్టేజీలు, వాటి గొట్టాలకి అదే పలచటి ప్లాస్టిక్ షీటు, చుట్టి అతికించాలి, గమ్ము ఆరేలోపల వదిలితే టప్పున విచ్చుకుంటుంది. చిన్నప్పుడు నా దగ్గరున్నదాన్ని మా అమ్మ జడ రిబ్బన్‌తో కట్టేవాణ్ణి, ఇప్పుడు పాల ప్యాకెట్ల రబ్బరు బ్యాండ్లు. మొత్తం నిలబెడితే 114 సెంటీమీటర్లు. టీవీ పక్కన పెడదామంటే ఫ్యాన్ గాలికి ఊగుతుందని మీ అమ్మ, దేవుడి గదిలో పెట్టమంటుంది, అదేమన్నా విగ్రహమా.

రంగులు మాత్రం ఈసారి సరిగ్గా వేస్తుండా. పాత కిట్‌లో కింది స్టేజీకి ఉన్న నల్ల పట్టీ, అది అసలు ఎగరని టెస్టు రాకెట్‌ది. నలుపు ఎండకి లోపల వేడెక్కిస్తా ఉందని తర్వాత తెలుపు చేశారు. నేను అపోలో 11 లెక్కనే వేస్తుండా. ఈ ఉక్కకి పెయింట్ ఆరి చావట్లేదు, అది వేరే సంగతి.

అంత ఖరీదు పెట్టావంటే అప్పటికి జీతం వస్తానే ఉండి ఉంటది అన్నా మీ అమ్మతో. ఎందుకంటే చెంచయ్య మామ ఫోన్ చేశాడు, లింక్డిన్‌లో నీ ఫొటో చుట్టూ పచ్చ రింగు ఏదో ఉందంట. బాగుంటదని పెట్టుకోనుంటదిలే అన్నా. ఆయన నవ్వాడు, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు పెట్టుకుంటారంట. నేనేం అడగట్లేదు.

మూడో స్టేజీ అతికిస్తా ఉంటే అల్లూరు అవ్వ గుర్తొచ్చింది. నీకు చెప్పానో లేదో. 1979లో అమెరికా వాళ్ళు ఆకాశంలో పెట్టిన స్కైలాబ్ పడిపోతుందని ఊళ్ళో ఒకటే గోల, రేడియోలో రోజూ అదే. పోతే ఎట్టాగూ పోతాం, తిని పోదామని కోళ్ళన్నీ కోసేశారు, మేకల్ని అయినకాడికి అమ్మేశారు, మా ఇంట్లోనే వరసబెట్టి రోజూ కూర. అప్పుడు అవ్వ నన్ను పిలిచి, ఒరే అబ్బయ్యా నువ్వు చదువుకుంటుండావు గదా, అదెట్టా ఉంటదిరా అంది. నేను గొప్పగా, చిన్న మామ షిప్పులోంచి తెచ్చిచ్చిన రాకెట్ తీసుకొచ్చి, మూడో స్టేజీ ఊడదీసి చేతిలో పెట్టి, ఇదేనవ్వా, ఈ ముక్కనే ఇల్లులా మార్చి 1973లో పైకి పంపారు, 77 టన్నులు, అదే పడతా ఉండాది అని చెప్పా. అంతే, ముసలామె మొహం మాడిపోయింది. దాని జత మనింట్లో పెట్టుకోనుండావా, అది దీన్ని ఎతుక్కుంటా రాదా అని, నేను ఏడస్తా ఉన్నా ఇనకుండా గోనె సంచిలో కట్టించి కాలవలో ఏయించింది. నా జామెట్రీ బాక్సులో ఉన్న, రాకెట్ కొసన పెట్టే ఎస్కేప్ టవరు ముక్క ఒక్కటే మిగిలింది. జులై 11న మనకి రాత్రయినాక స్కైలాబ్ పొయ్యి హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడింది. నేను పారేయించబట్టే అటు పొయ్యింది అని అవ్వ పోయేదాకా చెప్పుకుంది, ఎవురూ కాదన్లా.

మీ అమ్మా ఇప్పుడు అట్టానే ఉంది. ఆ పచ్చ రింగు విన్న కాడినుంచి పెంచలకోనకి మొక్కుకుంది, దేనికని మొక్కుకుందో ఆమెకే తెలీదు. చెప్తే కదా తెలిసేది. స్కైలాబ్ పడిన తర్వాత నెలలోనే, ఆగస్టు 10న, మన శ్రీహరికోట నుంచి లేపిన ఎస్సెల్వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది, పేపర్లో అచ్చు వేశారు, ఎవరూ దాచలేదు. 1980 జులై 18న మళ్ళీ లేపి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు, ఏడాది కూడా పట్టలా. నేను నీతులు చెప్పట్లేదు గానీ, ఉద్యోగం పోయినా, నువ్వే మానేసినా పీఎఫ్ మాత్రం ముట్టుకోబాకు, ఐదేళ్ళు నిండకుండా తీస్తే ట్యాక్స్ కూడా పడొచ్చు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూసుకో, లేకపోతే విడిగా ఒకటి తీసుకో, డబ్బు నేనేస్తా. ఇంకోటి చేతిలో పడకుండా ఉన్నది వదులుకోకూడదని మా ఆఫీసులో ప్రతి కుర్రాడికీ చెప్పేవాణ్ణి. నీకు చెప్పట్లేదు. రాత్రి రెండింటిదాకా మేలుకోబాకు, ఆ స్విగ్గీ తిండి తినబాకు, తలకి నూనె పెట్టుకో.

డికాల్స్, అదే నీళ్ళలో నానేసి అతికించే స్టిక్కర్లు, వేయడం మాత్రం నా వల్ల కావట్లేదు, గోరువెచ్చటి నీళ్ళలో నాని జారంగానే చేయి వణుకుతుంది. యుఎస్‌ఏ అక్షరాలు నువ్వొచ్చి వెయ్యి, ఎప్పుడొచ్చినా సరే, ఎన్నాళ్ళున్నా సరే.

శుక్రవారం రాత్రి బస్సులో డబ్బా ఏస్తుండా, మలై కాజాలు, మాగాయ, సన్న బియ్యం. పార్శిల్ వాడికి చెప్పాలి, నీ రూం అడ్రస్ పాతదేనా, మారిందా?

నాన్న