శీనూ, గట్టు తగాదా అంటే ఇదీ

ఒరేయ్ శీనూ,

ఎంత తిట్టుకున్నా పడతాను. సంక్రాంతికి రాస్తానన్నవాణ్ణి, ఉగాది కూడా దాటించేశాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. డెట్రాయిట్‌లో ఇంకా చలే, అమ్మ బీపీ ఫర్వాలేదు, పిల్లదానికి ముందు పన్ను ఊడింది. ఇక అసలు సంగతి. వారం నుంచి ఎవరికీ చెప్పక కడుపు ఉబ్బిపోతోంది.

మొన్న ఆదివారం పిల్లదాన్ని టొలీడో జూకి తీసుకెళ్లాను. మిషిగన్ దాటి ఒహాయోలో అడుగుపెడితే వచ్చే ఊరే అది. ఆ ఊరు మాదంటే మాదని 1835లో ఈ రెండూ తుపాకులు పట్టుకుని బయల్దేరాయట్రా! మీ నాన్నా, బాబాయీ జానెడు గట్టు కోసం కోర్టు మెట్లరగదీశారే, అచ్చం అదే, కాకపోతే ఇక్కడ గట్టు దాదాపు 470 చదరపు మైళ్లు.

తప్పంతా మ్యాపుది. 1787 నాటి అమెరికా చట్టంలో మిషిగన్ సరస్సు దక్షిణపు కొస నుంచి తూర్పుకి గీత గీయమన్నారు. అప్పటి మ్యాపులో ఆ కొసని ఉన్నదానికంటే పైకి వేసేశారు. నిజంగా కొలిస్తే టొలీడో మిషిగన్‌ది. ఒహాయోవాళ్లు గడుసువాళ్లు, ఎందుకైనా మంచిదని 1802లోనే తమ రాజ్యాంగంలో టొలీడో ఉన్న మామీ నది మూలని తమవైపు లాగేసి రాసుకున్నారు. కాలువ వచ్చి కలిసే రేవు మరి, ఎవరు వదులుకుంటారు?

ఇప్పుడు విను. టొలీడోలో స్టిక్నీ అని ఒకాయన, ఒహాయో పక్షం. కొడుకులకి ఏం పేర్లు పెట్టాడో తెలుసా? పెద్దోడు వన్, చిన్నోడు టూ. ఒట్టు! హాస్టల్లో మన "నంబర్ టూ" గాడు గుర్తొచ్చి (ఆ బకెట్ కేసు!) జూలో జిరాఫీ ముందు నిలబడి ఒక్కణ్ణే పడీపడీ నవ్వాను. జూలైలో మిషిగన్ నుంచి డిప్యూటీ షెరీఫ్ అరెస్టు చేయడానికొస్తే ఈ టూ గారు జేబులోంచి చిన్న చాకు తీసి పొడిచేసి ఒహాయోలోకి పారిపోయాడు. షెరీఫ్ బతికాడులే. మొత్తం యుద్ధంలో కారిన రక్తం అదొక్కటే! మనవాణ్ణి అప్పగించం అని ఒహాయో గవర్నర్ తెగేసి చెప్పాడు. మిషిగన్ వైపు పెద్ద ఎవరనుకున్నావ్, మేసన్ అని 23 ఏళ్ల కుర్రాడు. ఆ వయసులో మనం సప్లీలు రాస్తున్నాం.

సెప్టెంబరులో ఇంకో తమాషా. ఊరు తమదేనని రుజువు చేయాలని ఒహాయో జడ్జీలు అర్ధరాత్రి దాటాక దొంగల్లా వచ్చి, బడిలో కోర్టు నడిపి, రికార్డు కాగితాలు గుమాస్తా టోపీలో దాచి పరుగో పరుగు. దారిలో కొమ్మ తగిలి టోపీ ఎగిరిపోయిందట, మళ్లీ చీకట్లో వెతుక్కోవడం.

ఇంతా చేసి గెలిచింది ఒహాయోనే. ఎందుకంటావా, అధ్యక్ష ఎన్నికలు దగ్గరికొచ్చాయి, ఒహాయోకి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లు 21, మిషిగన్ ఇంకా రాష్ట్రం కాని టెరిటరీ, సున్నా. 60,000 జనం దాటితే రాష్ట్రం అడగొచ్చని ఆ 1787 చట్టంలోనే ఉంది, వీళ్లు దాటారు కూడా, అయినా అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) టొలీడో వదిలితేనే అంది. బదులుగా పైన ఉన్న అడవీ మంచూ, అప్పర్ పెనిన్సులా, అంటగట్టారు. ముందు మిషిగన్ వాళ్లు ఛీ పొమ్మన్నారు, తర్వాత ఖజానా ఖాళీ అయ్యేసరికి గడ్డకట్టే డిసెంబరులో ఆన్ ఆర్బర్‌లో సమావేశమై సరేనన్నారు. 1837 జనవరి 26న (మన రిపబ్లిక్ డే!) 26వ రాష్ట్రం. ఆ పనికిరాని అడవిలోనే తర్వాత రాగి, ఇనుము బయటపడ్డాయి చూడు.

ఇంటికొచ్చి ఇంకాస్త చదివాక మాత్రం మనసు పాడైంది రా. ఆ రాగి ఉన్న పడమటి భాగం ఓజిబ్వే అనే అక్కడి ఆదివాసీ వాళ్లది. ఆ నేల వదులుకుంటున్నట్టు వాళ్లచేత సంతకాలు పెట్టించుకున్నది 1842లో. మిషిగన్‌కి ఇచ్చేసింది 1836లో! గట్టు కోసం కొట్టుకున్న ఇద్దరిదీ కాదు ఆ పొలం. మీ పొలం పక్కన ఆ కొండవాగు వాళ్ల సంగతి నువ్వోసారి చెప్పావు, గుర్తుందా, అప్పుడు నేను సరిగా వినలేదు, ఇప్పుడు అడుగుదామంటే

అయ్యో, స్కూల్ బస్సు టైమైపోయింది. ఉంటా. బకెట్ సంగతి మీ ఆవిడకి చెప్పకు.

నీ
గోపి