ఎంత తాగినా ఎక్కదంటే మెచ్చుకోవడమా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో తాగుడుకు జీన్స్ (వంశంలో వచ్చే జన్యువులు) కూడా కారణమని వచ్చిన వార్తను పరకాలలో మేం కూర్చునే చాయ్ హోటల్లో ఒకాయన గట్టిగా చదివి, "సూశిన్రా, నా తప్పేం లేదు, అంతా మా తాతదే" అన్నాడు, అందరం నవ్వాం. నవ్వొచ్చే మాటే గానీ అందులో కొంత నిజం ఉంది. అమెరికా మానసిక వైద్యుడు డోనాల్డ్ గుడ్విన్ బృందం 1973లో డెన్మార్క్ దత్తపిల్లల మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. తల్లిదండ్రుల్లో ఒకరు తాగుబోతై, పసితనంలోనే వేరే ఇంటికి దత్తత పోయిన మగపిల్లలు పెద్దయ్యాక తాగుడుకు బానిసలవడం, మిగతా దత్తపిల్లలతో పోలిస్తే దాదాపు నాలుగింతలు కనిపించింది. కన్నవాళ్లు తాగుతుంటే చూసి నేర్చుకున్నారనడానికి కూడా లేదు కదా. కవలల మీద చేసిన పరిశోధనలు కూడా జీన్స్ వాటా సగం దాకా ఉంటుందనే చెప్తున్నాయి. చైనా, జపాన్‌లలో చాలామందికి ఒక జీన్ మార్పు వల్ల రెండు గుక్కలకే ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది కాబట్టి వాళ్లు మందు జోలికి తక్కువ పోతారు, మన దగ్గర ఆ బ్రేకు ఉన్నవాళ్లు అరుదు.

నాకు టెన్షన్ పెట్టే సంగతి వేరే ఉంది. దసరా దావత్‌లో మా అన్న కొడుకు, ఇంకా డిగ్రీ చదివే పిల్లగాడు, నాలుగు పెగ్గులు తాగి లేచి, మటన్ గిన్నె తెచ్చి చుక్క తొణకకుండా అందరికీ వడ్డించాడు. "వీనికి ఎక్కదురా, అచ్చం తాత లెక్క" అని మా మేనమామ వాడి వీపు తట్టాడు. ఆ తాత మా బాపు. ఆయనకూ ఎక్కకపోయేది. 54 ఏళ్లకు కడుపులో నీళ్లు చేరి పోయాడు.

అమెరికాలో మార్క్ షకిట్ అనే డాక్టర్ తాగుబోతుల కొడుకులను ఏళ్లపాటు గమనించి చెప్పింది ఇదే: 20 ఏళ్ల వయసులో మందు తక్కువ ఎక్కేవాళ్లే తర్వాత ఎక్కువగా బానిసలవుతున్నారు. ఎక్కకపోతే ఆపాలనిపించదు, ఇంకోటి పోస్తారు, లివర్ మాత్రం ప్రతి పెగ్గునూ లెక్క పెట్టుకుంటుంది. ఈ ముక్క మీ వార్తలో లేదు, దయచేసి వేయండి. ఎంత వంశమైనా ఇంటి పక్కన బెల్టు షాపు లేకపోతే దానికి అంత బలం ఉండదని కూడా రాయండి.

ఆ రాత్రే పిల్లగాణ్ని పక్కకు పిలిచి బాపు సంగతి చెప్పాను. "తాతకు కామెర్లు అన్నరు కదా కాకా, నాకెవ్వరూ ఇది చెప్పలే" అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పరకాల, హన్మకొండ జిల్లా