డ్యాన్స్ మిషన్: లోపం పలక కిందే

సంపాదకులకు,

మాల్స్ గేమింగ్ జోన్లలో డ్యాన్స్ మిషన్ ఉంటుంది, పాటకు తగ్గట్టు తెరపై వచ్చే బాణాన్ని చూసి అదే గుర్తున్న పలకను కాలితో తొక్కాలి. సరిగ్గా తొక్కినా ‘మిస్’ పడుతోందంటే, మిషన్ పాతబడిందని నిర్వాహకులు తేల్చేస్తున్నారు. 1998లో జపాన్ కంపెనీ కొనామి తెచ్చిన ఇలాంటి ఆట డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్‌లో ఒక్కో పలక కింద, నాలుగు అంచుల్లో అడుగును పసిగట్టే నాలుగు సెన్సర్ పట్టీలుంటాయి. ఒకటి పోయినా నడిమధ్య తొక్కితే పలుకుతుంది, ఆ అంచున తొక్కితే పలకదు. అందుకే మెకానిక్ మధ్యలో ఓసారి తొక్కి ‘బానే ఉందిగా’ అని వెళ్లిపోతాడు! మిషన్‌లోని టెస్ట్ మెనూలో నాలుగంచులూ విడివిడిగా నొక్కి చూడాలి. ఆ తర్వాత కరెంటు తీసేసి, మూలల బ్రాకెట్ల స్క్రూలు విప్పి, పలక ఎత్తి, దుమ్మును పొడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డ వద్దు. వదులైన వైరు బిగించినా పలక్కపోతేనే పట్టీ మార్చాలి.

పాత పిక్చర్ ట్యూబ్ తీసి మామూలు టీవీ బిగించడం ఇంకో తంటా. తెరపై సెకనుకు మారే 60 ఫ్రేముల్లో (బొమ్మల్లో) ఒక్కోటి సుమారు 16.7 మిల్లీసెకన్లు. టీవీ రెండు మూడు ఫ్రేములు వెనకబడితే బాణం పాటకు అందదు. టీవీలో ఈ ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉంటే ముందు అది పెట్టండి.

2024లో వచ్చిన ఈ ఆట ‘వరల్డ్’ వెర్షన్ ఇక్కడ పెట్టమనడం దండగ, దానికి కొనామి సర్వర్ కావాలి. ఉన్నవాటిని వారానికోసారి పరీక్షించి, ఇద్దరాడే మిషన్‌లో పాడైన వైపు కార్డు రీడర్‌పై ‘పనిచేయదు’ అని కాగితం అంటించండి.

– రిథమ్ గేమ్ ఆటగాళ్లు, కూకట్‌పల్లి, హైదరాబాద్